జమీందారు గారికి మంత్రం తగల్లేదు

మూడు ఆదివారాలుగా క్లబ్‌హౌస్‌లో ఏం గొడవ అని అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాం. పెద్ద పోస్టే, కాఫీ పెట్టుకుని కూర్చోండి. గొడవ మెయింటెనెన్స్ గురించి కాదు, పార్కింగ్ గురించి అసలే కాదు. ఒక రాక్షసుడికి మంత్రం తగిలిందా, తగల్లేదా అన్నదాని గురించి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. మారతహళ్ళిలో తెలుగువాళ్ళకి కొదవ లేదు. పీజీ బోర్డుల మీద ఆంధ్రా భోజనం అని తెలుగులోనే రాసి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం బ్రిడ్జి దగ్గర నిలబడితే కడప, నెల్లూరు, విజయవాడ, హైదరాబాదు బస్సుల కోసం బ్యాగులు తగిలించుకుని సగం ఊళ్ళు అక్కడే కనిపిస్తాయి. కానీ ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. అందుకని రెండేళ్ళ కిందట సంఘం తరఫున ఆదివారం తెలుగు క్లాసు పెట్టాం. మొదటి వారం ఇరవై రెండు మంది పిల్లలు వచ్చారు. గుణింతాలకి వచ్చేసరికి ఏడుగురు. వత్తులకి ముగ్గురు, అందులో ఇద్దరు మా పిల్లలే.

అప్పుడు మాలో ఇద్దరికి హాస్టల్లో ఆడిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్ గుర్తొచ్చింది. తెలియనివాళ్ళకి ఒక్క మాటలో: 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట. గెలుపు గడి ఉండదు. ఒకరు సూత్రధారిగా ఉండి కథ చెబుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని ‘నేను ఇది చేస్తున్నాను’ అంటారు. జరిగిందా లేదా అనేది పాచిక చెబుతుంది. అంతే. మేం పెట్టిన షరతు ఒక్కటే, టేబుల్ దగ్గర అంతా తెలుగు. కథలో దొరికే ఉత్తరాలు, శాసనాలు, సంతలో బోర్డులు అన్నీ తెలుగులో రాసి ఇస్తాం, చదువుకుంటేనే దారి తెలుస్తుంది. 2023 జనవరిలో ఆ ఆట కంపెనీ నియమాల్లో పెద్ద భాగాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వదిలేసింది. దాన్నే ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాం. ఆ పుస్తకం ఇప్పుడు సాంబారు మరకలతో క్లబ్‌హౌస్ బీరువాలో ఉంది.

మంత్రాలకి తెలుగు పేర్లు పిల్లలే పెట్టారు. ఫైర్‌బాల్ అగ్నిగోళం అయింది. డిసింటిగ్రేట్ అని ఒకటుంది, తగిలినవాడు ప్రాణం పోయేంత దెబ్బ తింటే ఒళ్ళంతా బూడిదై రాలిపోతాడు, దానికి ‘భస్మం’ అని పెట్టారు. స్లాట్‌కి మాత్రం ఎంత వెతికినా మంచి తెలుగు దొరకలేదు. మంత్రగాడికి రోజుకి ఇన్ని మంత్రాలు అని లెక్క ఉంటుంది. మొదటి స్థాయివి నాలుగు, రెండో స్థాయివి మూడు, పైకి పోయేకొద్దీ ఒక్కొక్కటే. ఆ ఖాళీలే స్లాట్లు. గడి అని ఒకరు, అర అని ఒకరు అన్నారు, చివరికి స్లాట్ స్లాటుగానే మిగిలింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, గొడవంతా దీని చుట్టూనే.

ఇక ఆ అబ్బాయి. పేరు వద్దు. పోయిన ఏడాది నంద్యాల నుంచి వచ్చారు, తొమ్మిదో తరగతి. వచ్చిన చోట బళ్ళో తెలుగు లేదు, కన్నడం కొత్త, ఇంగ్లీషు మాట్లాడితే వెనక బెంచీలో నవ్వు. అక్కడ ఫస్టు ర్యాంకు వచ్చే పిల్లవాడు ఇక్కడికి వచ్చి నోరు మూసుకున్నాడు. కెనడా వెళ్ళిపోయిన ఒక కుటుంబం వాళ్ళబ్బాయి మంత్రగాడి పాత్ర ఖాళీగా ఉంటే దాన్ని వీడికిచ్చాం. మొదటి ఆదివారం మేం రాసిన ఉత్తరాన్ని వాడు గడగడా చదివేస్తుంటే మిగతా పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆ రోజు నుంచి శాసనం దొరికితే వాడి చేతిలో పెట్టడమే. ‘భస్మం’ అన్న పేరు కూడా వాడు పెట్టిందే. వాళ్ళమ్మగారు ఒకసారి లిఫ్టులో అన్నారు, వారం మొత్తంలో ఆదివారం పొద్దున్నే వాడి గొంతు వినపడుతుందండీ అని. మేం నవ్వి ఊరుకున్నాం. అందులో ఎంత ఉందో అప్పుడు ఆలోచించలేదు.

జమీందారు దగ్గరికి వద్దాం. ఈ ఏడాది కథలో ఊరి జమీందారే రాక్షసుడు. ఈ ఆటలో రాక్షసుడంటే మనం అనుకునేవాడు కాదు. 1974లో అమెరికా టీవీలో కోల్చక్ అనే సీరియల్ వచ్చేది, అందులో ఒక ఎపిసోడ్‌లో రాక్షసుడు వస్తాడు, ఎదుటివాళ్ళకి నమ్మకమైన మనిషి రూపంలో కనపడి చంపుతాడు, చివరికి మంత్రించిన బాణంతో చస్తాడు. 1977లో ఈ ఆట వాళ్ళు అచ్చేసిన మాన్‌స్టర్ మాన్యువల్‌లో రాక్షసుడు అచ్చం అట్లాగే ఉంటాడు, పైగా పులి తల, నోట్లో పైపు. మా ఆటకి సాక్షిగా మూల కుర్చీలో కూర్చుని దీపం వత్తులు చేసుకునే నెల్లూరు అమ్మమ్మ ఆ బొమ్మ చూసి, రాక్షసుడికి పులి తలేందయ్యా, చుట్ట తాగే పులిని నేనెక్కడా చూళ్ళా, అంది. వాడికి ఇంకో గుర్తు ఉంది. అరచేతులు తిరగబడి ఉంటాయి. మా పిల్లలు వాణ్ణి పట్టుకున్నది దాంతోనే. జమీందారు తాంబూలం ఇస్తున్నాడు, అరచెయ్యి ఉండాల్సిన చోట చేతి వెనక భాగం ఉంది అని మేం కథలో మామూలుగా చెప్పేసి పోతుంటే ఆరో క్లాసు పిల్ల టక్కున లేచి ఆగండి ఆగండి అంది.

వీడి బలమంతా మంత్రం అంటకపోవడంలో ఉంది. ఇక్కడ ఆట తెలియనివాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. మంత్రాన్ని తట్టుకోవడం ఈ ఆటలో ఒకే రకం కాదు. కొన్ని ప్రాణులకి ఉండేది నిరోధం, అంటే మంత్రం నుంచి తప్పించుకోడానికి ఒక పాచిక బదులు రెండు వేసి పెద్దది తీసుకుంటాయి. అలాంటి ప్రాణి మీద మ్యాజిక్ మిస్సైల్ అనే చిన్న మంత్రం వేస్తే మాత్రం తగిలి తీరుతుంది, ఎందుకంటే ఆ మంత్రంలో తప్పించుకునే పాచికే లేదు. ఇనుప గోలెం అని ఒక బొమ్మ మనిషి ఉంటాడు, వాడి మీద అగ్నిగోళం వేస్తే మంట ఎంత దెబ్బ కొట్టాలో అంత బలం వాడికి తిరిగొస్తుంది. మా పిల్లలు పోయిన దసరా సెలవుల్లో ఈ సంగతి తెలియక వాడికి మూడుసార్లు భోజనం పెట్టారు. రాక్షసుడిది వీటన్నిటికంటే గట్టిది. ఆరో స్థాయి వరకు ఏ మంత్రమూ వాడికి అంటదు, వాడు కావాలనుకుంటే తప్ప. ఆ పైవాటికి కూడా రెండు పాచికలు వేసుకుంటాడు.

‘వాడు కావాలనుకుంటే తప్ప’ అన్నది పిల్లలకి అర్థం కాలేదు. మంత్రం తగలాలని ఎవడైనా ఎందుకు కోరుకుంటాడు? మేం చెప్పేలోపు మూల కుర్చీలోంచి అమ్మమ్మే చెప్పింది. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రం వేస్తే హనుమంతుడు కట్టుబడిపోయాడు గదా, ఆయనకి బ్రహ్మ ఇచ్చిన వరం ఉంది, కాసేపట్లో ఆ కట్టు దానంతట అదే వదిలిపోద్ది. అయినా ఆయన ఊరికే ఉన్నాడు. ఎందుకు? రావణాసురుణ్ణి చూడాలి గదా, వీళ్ళే మోసుకుపోతారు లే అని. ఆ రాక్షసులు తెలివితక్కువగా మళ్ళీ తాళ్ళతో కట్టేసరికి అస్త్రం జారిపోయింది, ఇంకో కట్టు పడితే అది నిలవదు. ఆ సంగతి ఇంద్రజిత్తుకి ఒక్కడికే తెలిసింది, ఆ మొద్దులకి తెలీలా.

పిల్లలు నియమాల పుస్తకం మూసేసి ఆవిడ కుర్చీ చుట్టూ చేరారు. అరగంట ఆట ఆగింది. మాకు ఏ ఇబ్బందీ లేదు, ఆవిడ చెప్పింది మా స్పైరల్ బైండింగు కంటే నయం.

ఆవిడ అక్కడితో ఆగలేదు. తోకకి నిప్పు పెడితే ఆయనకి చల్లగానే ఉంది, కాలింది లంక, అంది. ఈ మాట మాకు రెండు వారాల తర్వాత పనికొచ్చింది. పిల్లల్లో ఒకడు తొందరపడి జమీందారు మీద అగ్నిగోళం వేశాడు. మూడో స్థాయి మంత్రం, వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. కానీ వాడి వెనక గడ్డివామి ఉంది. అగ్నిగోళం పడిన చోట ఎవరూ పట్టుకోని, తొడుక్కోని వస్తువులు, మండేవయితే అంటుకుంటాయి, నియమంలోనే ఉంది. గడ్డివామి అంటుకుంది. ఇప్పుడు ఆ మంట మంత్రమా, మామూలు మంటా? మంత్రం క్షణంలో అయిపోయింది, ఇప్పుడు మండుతున్నది వరిగడ్డి, అని తీర్పు చెప్పాం. జమీందారు గారు తన గడ్డివామి మంటకి తానే పక్కకి గెంతాల్సి వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మాకు చాలా గర్వంగా అనిపించింది. మంచి సూత్రధారులమని ఒకరి భుజం ఒకరం తట్టుకున్నాం. ఆ గర్వమే తర్వాత దెబ్బ తీసింది.

జూలైలో ఆ ఆదివారం. బయట వాన, రింగ్ రోడ్డు మీద నీళ్ళు, ఇద్దరు పిల్లలు ఆలస్యం. జమీందారు మేడ మీద ఆఖరి పోరు. మూడు గంటల ఆట అయ్యాక జమీందారుకి 110లో 74 మిగిలింది. మన నంద్యాల అబ్బాయి వంతు వచ్చింది. వాడు నిలబడి, మామూలుగా ఎప్పుడూ నిలబడడు, చెయ్యి చాపి అన్నాడు:

“జమీందారు మీద భస్మం.”

మేం నోట్సు చూశాం. ఆరు వరకు అంటదు. భస్మం ఆరో స్థాయి మంత్రం. తగల్లేదు, బూడిద రంగు వెలుగు వాడి పట్టు పంచె మీద పడి ఆరిపోయింది, జమీందారు నవ్వాడు, అని చెప్పాం. నవ్వి చూపించాం కూడా.

“ఏడో స్లాట్లో వేసినా అంకుల్.”

“ఎందులో వేస్తేనేం నాన్నా, మంత్రం ఆరోదే కదా. స్లాట్ కొట్టేసుకో.”

“లేదంకుల్, ఏడోదాంట్లో వేస్తే...”

“ఆట ఆగిపోతోంది, తర్వాత చూద్దాం. నెక్స్ట్ ఎవరు?”

ఈ మాటలు మాలో ఎవరన్నారో చెప్పం. టేబుల్ దగ్గర ముగ్గురం ఉన్నాం, ముగ్గురం తలాడించాం. వాడు కాసేపు కాగితం వంక చూశాడు. పెన్సిలుతో ఏడో స్లాట్ కొట్టేశాడు, కాగితం చిరిగేంత గట్టిగా. తర్వాత పాచికలు సంచీలో వేసుకుని, “మీరు ముందే డిసైడయిపోయినారు” అని వెళ్ళిపోయాడు. గొడుగు మర్చిపోయాడు.

తరువాతి ఆదివారం రాలేదు. ఆ పై వారం కూడా. వాళ్ళమ్మగారికి ఫోన్ చేస్తే ఒంట్లో బాగాలేదన్నారు. మూడో వారం బాగానే ఉందన్నారు, వాడు రానంటున్నాడు అన్నారు. పిల్లలకి ఒక శాసనం ఇస్తే ఎవరూ సరిగ్గా చదవలేక, ‘క్షేత్రం’ అన్న మాట దగ్గర పది నిమిషాలు కొట్టుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు గానీ అందరూ ఖాళీ కుర్చీ వైపు చూశారు.

ఆ రోజు ఆట అయ్యాక అమ్మమ్మ వత్తుల డబ్బా మూస్తూ అడిగింది. “వాడు ఏడు అన్నాడు గదయ్యా. మీరెవరూ ఇన్లా?”

ఆవిడకి స్లాట్ అంటే ఏంటో తెలియదు. ఆరుకీ ఏడుకీ తేడా ఏంటో తెలియదు. కానీ ఆ రోజు గదిలో ఉన్న పెద్దవాళ్ళలో వాడి మాట విన్నది ఆవిడ ఒక్కతే.

శుక్రవారం రాత్రి పుస్తకం తీశాం. మేం ముగ్గురం ఈ ఆట నేర్చుకున్నది 2003 నాటి మూడున్నరో ఎడిషన్లో. అందులో రాక్షసుడికి నిరోధం 27. మంత్రగాడు ఇరవై ముఖాల పాచిక వేసి తన స్థాయి కలిపి దాన్ని దాటాలి, పదమూడో స్థాయివాడైతే పాచిక మీద 14 పడాలి. పడితే ఆ అడ్డు దాటినట్టు, లేకపోతే లేదు. ఇంకా పాత 1977 పుస్తకంలో అయితే ఎనిమిదో స్థాయికి తక్కువ మంత్రాలేవీ వాడికి అంటనే అంటవు. మా హాస్టల్ ఎడిషన్లో చిన్న మంత్రాన్ని పెద్ద స్లాట్లో పెట్టుకోవచ్చు, కానీ దానివల్ల మంత్రం స్థాయి పెరగదు, పెంచాలంటే దానికి విడిగా ఒక విద్య నేర్చుకోవాలి. మా బుర్రల్లో ఉన్నది ఇదీ. మెస్‌లో పప్పుచారు తాగుతూ అర్ధరాత్రి దాకా ఆడిన ఆట, ఎట్లా మర్చిపోతాం?

పిల్లలు ఆడుతున్నది 2014 నాటి అయిదో ఎడిషన్. అందులో మంత్రాల అధ్యాయంలో ఒక చిన్న పేరా ఉంది. మంత్రాన్ని పెద్ద స్లాట్లో వేస్తే ఆ సారికి మంత్రం ఆ స్థాయిదే అయిపోతుంది. అంటే ఏడో స్లాట్లో వేసిన భస్మం ఏడో స్థాయి మంత్రం. జమీందారు గారి కోట ఆరు వరకే. మంత్రం లోపలికి వెళ్ళింది. మేం తలుపు వేసేశాం.

లెక్క కూడా వేశాం. ఆ అబ్బాయి మంత్రం నుంచి తప్పించుకోవాలంటే జమీందారుకి మొత్తం 18 రావాలి, వాడి చురుకుదనానికి 3 కలుస్తుంది, పాచిక మీద 15 పడితే చాలు. ఒక్క పాచిక అయితే నూటికి డెబ్బై వంతులు తప్పించుకోలేడు. కానీ వాడికి రెండు. రెండూ తప్పడానికి డెబ్బై శాతంలో డెబ్బై శాతం, అంటే 49. నూటికి 49 వంతులు మంత్రం తగిలేది. తగిలితే పదమూడు పాచికలు, పైన 40. సగటున 85 దాటుతుంది. మిగిలింది 74. జమీందారు బూడిద.

ఇంచుమించు బొమ్మా బొరుసే. తగలకపోయినా వాడేమీ అనేవాడు కాదు, పాచిక మీద ఈ పిల్లలెవరూ ఎప్పుడూ అలగలేదు. రెండు పాచికలు మేమే వెయ్యాలి, అందరి ముందూ వెయ్యాలి, వెయ్యలేదు. కొత్త బళ్ళో నోరు తెరిస్తే నవ్వుతారని నోరు మూసుకున్న పిల్లవాడు, పుస్తకం ముందే చదువుకుని, రోజుకి ఒక్కటే ఉండే ఏడో స్లాట్‌ని మూడు గంటలు దాచుకుని, నిలబడి నోరు తెరిస్తే మేం తర్వాత చూద్దాం అన్నాం. మాలో ఒకాయన ఆ రాత్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మా అబ్బాయి ఇంటర్లో గ్రూపు మారతానంటే కూడా నేను ఇదే మాట అన్నాను, అన్నాడు. ఇక ఆ సంగతి ఎవరం కదిలించలేదు.

శనివారం వాళ్ళింటికి వెళ్ళాం. దొడ్డనెక్కుంది వైపు, మెట్రో పని జరుగుతున్న చోట రోడ్డు దాటడానికే పదిహేను నిమిషాలు పట్టింది. ముగ్గురం, చేతిలో వాడి గొడుగు. తలుపు తీసిన వాళ్ళ నాన్నగారు రాత్రి కాల్స్ చేసి అప్పుడే లేచినట్టున్నారు. సంగతి చెప్పాం. ఆయన నమ్మలేదు.

“ఆటలో తప్పు చెప్పారని... ఇంతమంది వచ్చారా?”

“తప్పు ముగ్గురం చెప్పాం కదండీ.”

అబ్బాయి లోపల్నుంచి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మేం తయారుచేసుకున్న మాటలు చాలా ఉన్నాయి, ఎడిషన్లు, హాస్టలు, పప్పుచారు. ఒక్కటీ అవసరం పడలేదు.

“ఏడో స్లాట్లో వేస్తే ఏడో మంత్రమే. నువ్వు చెప్పిందే రైటు. మేం చూడకుండా చెప్పాం.”

“పేజీ చూసినారా?”

“చూశాం.”

“ఎప్పుడు?”

“నిన్న రాత్రి.”

“నేను ఆట ముందురోజే చూసినా” అన్నాడు. లోపలికి వెళ్ళి వాడి ప్రింటవుటు తెచ్చాడు. ఆ పేరా పక్కన పసుపు రంగు గీత, దాని పక్కన చిన్న అక్షరాలతో తెలుగులో రాసుకున్నాడు: రాక్షసుడికి 6, నాకు 7.

అక్కడికి వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడదామా, ఆ రెండు పాచికలు ఇప్పుడు వేస్తాం, అని అడిగాం. వద్దన్నాడు. తర్వాత అందరూ ఏమేమో చేశారు కదంకుల్, వాళ్ళ దెబ్బలన్నీ పోతాయి, అన్నాడు. మరేం చెయ్యమంటావు?

“నా స్లాట్ నాకిచ్చేయండి. చాలు.”

వాళ్ళ నాన్నగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నారు. మేం మెట్లు దిగుతుంటే వెనకే వచ్చి, ఏవండీ, ఈ స్లాట్ అంటే ఏంటి, అని అడిగారు. మెట్ల మీద నిలబడి చెప్పాం. అదీ మీరు చూసిన మొదటి గొడవ, అది గొడవ కాదు.

ఆదివారం వాడొచ్చాడు. దింపడానికి వచ్చిన నాన్నగారు వెళ్ళకుండా అమ్మమ్మ పక్కన ప్లాస్టిక్ కుర్చీ లాక్కున్నారు. ఆట మొదలుపెట్టే ముందు పిల్లలందరి ముందూ చెప్పాం, పోయినసారి మేం చెప్పింది తప్పు, స్లాట్ తిరిగి ఇస్తున్నాం అని. ఒక చిన్నవాడు, అయితే పోయినేడాది నా గుర్రం చచ్చిపోవడం కూడా తప్పేనా అని అడిగాడు. అది రైటే అన్నాం. ఇంకా అనుమానంగానే ఉన్నాడు.

జమీందారు మేడ మీద, అందరి కంటే ఎత్తులో, ముప్ఫై అడుగుల పైన నిలబడి ఉన్నాడు. మిగతా పిల్లల్లో సగం మంది కింద హాల్లో. అబ్బాయి వంతు వచ్చింది. మేం పాచికలు రెండు చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాం, ఈసారి అందరికీ కనపడేలా.

“భస్మం” అన్నాడు. “జమీందారు మీద కాదు. వాడు నిలబడిన నేల మీద.”

గది నిశ్శబ్దం. భస్మం మనుషులకే కాదు, వస్తువులకీ పనిచేస్తుంది. పెద్ద కట్టడం అయితే పదడుగుల ముక్క మాయమైపోతుంది. నేలకి నిరోధం లేదు. నేలకి వరం లేదు.

ఇక మొదలైంది, మీరు మెట్ల దాకా విన్న రెండో గొడవ. మంత్రం వాడికి అంటదు కదా, పడడం కూడా అంటకూడదు అని ఒకడు. మంత్రం నేల మీద పడింది, వాడి మీద కాదు, గడ్డివామి లాగే అని ఇంకొకడు. వాడికి మామూలు ఆయుధాలు కూడా తగలవు కదా, దెబ్బెట్లా తగులుతుంది అని మూడోవాడు. దానికి ఆరో క్లాసు పిల్ల, నేల ఆయుధమా అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. కాస్త ఆగి, పక్కకి దూకే అవకాశం ఇవ్వాలి కదా పాపం అని కూడా ఆ పిల్లే అంది. పుస్తకంలో దీనికి నియమం లేదు. ఈసారి మేం వెంటనే నోరు తెరవలేదు. అందరూ చెప్పింది విన్నాం, నంద్యాల అబ్బాయిని కూడా అడిగాం. ఇవ్వండంకుల్, కానీ ఒక్క పాచికే, ఎందుకంటే అది మంత్రం నుంచి తప్పించుకోవడం కాదు, గుంత నుంచి, అన్నాడు.

ఒక్క పాచిక వేశాం. నాలుగు.

జమీందారు గారు పట్టు పంచెతో సహా ముప్ఫై అడుగుల కింద వెల్లకిలా పడ్డారు. పదకొండు దెబ్బ. అమ్మమ్మ మూలలోంచి, కర్ణుడు నాగాస్త్రం వేస్తే కృష్ణుడు రథాన్ని నేలలోకి తొక్కాడు గదా, అస్త్రాన్ని ఆపలా, నేలని కదిలించాడు, అంది. పక్కనున్న నాన్నగారు అవునవును అన్నారు, ఆయనకి ఆట సగం కూడా అర్థం కాలేదని మా అనుమానం.

కింద ఈటెతో ఎదురుచూస్తున్నది ఆరో క్లాసు పిల్ల. మంత్రించిన ఈటె, మంచివాళ్ళ చేతిలో ఉంటే రాక్షసుడికి దెబ్బ రెట్టింపు. ఇక్కడ ఇంకో అయిదు నిమిషాలు పోయింది. ఈ పిల్ల పాత్ర మంచిదేనా? పోయిన వేసవిలో గుడిలో బెల్లం దొంగిలించింది. ఆ పిల్ల కళ్ళనీళ్ళ పర్యంతమై, తిరిగి పెట్టేశాను, అంది. ఎప్పుడు పెట్టావు, మేం చూడలేదే? అప్పుడు నంద్యాల అబ్బాయి తన పాత కాగితం తిరగేసి, మార్చిలో పెట్టింది, నేను రాసుకున్నా, అన్నాడు. మంచిదే అని తేల్చాం.

పడి ఉన్నవాడి మీద మూడు పోట్లు. 22, 20, 24. మిగిలిన 63కి సరిపోయి ఇంకా మూడు మిగిలింది.

కేకలకి వాచ్‌మన్ వచ్చాడు. ఆ సంగతి మీకు తెలుసు, ఫిర్యాదు రాసినవాళ్ళకి మా క్షమాపణలు, వచ్చే వారం నుంచి కిటికీలు మూస్తాం. అందరూ ఆ పిల్లని ఎత్తుకుని తిప్పుతుంటే అబ్బాయి కూర్చుని కాగితం మీద ఏదో దిద్దుకుంటున్నాడు. చిరిగిన చోట సెల్లోటేపు అంటించి ఉంది. వంగి చూస్తే ఆరో స్లాట్ కొట్టేసి ఉంది.

“నేల మీదకి ఆరు సరిపోతుందంకుల్” అన్నాడు. “ఏడోది ఇంకా ఉంది.”